కొత్త సంవత్సరం విందులో ఆ పాట వద్దండీ

ప్రశ్న: నమస్కారం సార్. మాది కాకినాడ. రెండేళ్లుగా హాంకాంగ్‌లో ఉంటున్నాం. క్వున్ టాంగ్‌లో ఒక షిప్పింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఆఫీసులో భారతీయుణ్ణి నేనొక్కడినే. అందరూ మర్యాదగానే ఉంటారు కానీ పని మాట తప్ప వేరే మాట కలవదు. పోయిన నెల అందరం కరోకేకి వెళ్లాం. మా మేడమ్‌కి యాభై అయిదేళ్లు ఉంటాయి, నవ్వడం కూడా తక్కువే. ఆవిడ ఒక నెమ్మదైన పాట అందుకున్నారు. సగానికి వచ్చేసరికి గదిలో ఉన్నవాళ్లంతా లేచి నిలబడి గొంతు కలిపారు. ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. ఎవరి పాట అని అడిగితే ‘అనిటా మూయ్’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు. తర్వాత ఫోన్‌లో వెతికితే ఆ పాట పేరు ‘చిక్ యొంగ్ చి కో’ అనీ, అస్తమించే సూర్యుడి మీద పాట అనీ తేలింది. చైనీస్ న్యూ ఇయర్ వెళ్లాక మా కంపెనీ విందు ఉంది. అక్కడ అదే పాట పాడి మేడమ్‌ని ఆశ్చర్యపరచాలని నా కోరిక. కాలేజీలో లలిత సంగీతం పాడేవాణ్ణి, శ్రుతి తప్పను. ఇక్కడి భాష కాంటనీస్ మాత్రం మినీబస్సు ఆపమని అరిచేంత వరకే వచ్చు. మా ఆవిడేమో నవ్వులపాలవుతావు అంటోంది. ఇంతకీ ఎవరీ గాయని? ఎక్కడ మొదలుపెట్టి వినాలి? పాట ఎలా నేర్చుకోవాలి?
– పేరు వద్దు, హాంకాంగ్

సమాధానం:

పాట తప్పకుండా నేర్చుకోండి. ఆ పాట మాత్రం వద్దు. ఆ విందులో అసలే వద్దు.

మీరు చెప్పేది వాళ్లు ‘ఛున్ మింగ్’ అనే విందు అయి ఉంటుంది. కొత్త సంవత్సరం రాగానే కంపెనీలు సిబ్బందికీ ఖాతాదారులకూ పెట్టే భోజనం. గుండ్రటి బల్లలు, ఎర్రటి గుడ్డలు, లక్కీ డ్రా, మధ్యమధ్యలో పాటలు. ఆ రోజుల్లో నోట్లోంచి చావు మాట, విడిపోయే మాట రాకూడదని వాళ్లకు గట్టి పట్టింపు. నాలుగు అంకె చావును గుర్తుచేస్తుందని నాలుగో అంతస్తే లేకుండా లెక్కపెట్టే భవనాలు మీరు రోజూ చూస్తున్నారు కదా. అలాంటి చోట మీరు లేచి, గాయని చివరి వీడ్కోలుగా అందరికీ గుర్తుండిపోయిన ఆ పాట ఎత్తుకుంటే, మన పెళ్లి భోజనాల దగ్గర ఎవరో మైకు లాక్కుని కాటిసీను పద్యాలు అందుకున్నట్టు ఉంటుంది. పద్యం ఎంత గొప్పదైనా పెళ్లివారి మొహాలు ఎలా మారతాయో మీకు తెలుసు.

ఇంకో కారణం కూడా ఉంది. అది మీ మేడమ్ పాట. కరోకేకి వెళ్లే ప్రతి గుంపులోనూ ఫలానా పాట ఫలానా వాళ్లదని పైకి చెప్పని ఒప్పందం ఉంటుంది. ఆవిడ ముందే ఆవిడ పాట మీరు పాడితే ఆశ్చర్యపోతారు, నిజమే. కానీ ఆ ఆశ్చర్యం మీరు అనుకున్న రకంగా ఉంటుందని నేను హామీ ఇవ్వలేను.

మరి ఏ పాట పాడాలో చివర్లో చెబుతాను. ముందు ఆ గాయని గురించి తెలుసుకోండి. తెలియకుండా పాడితే మీ ఆవిడ అన్నదే జరిగినా జరగొచ్చు.

నిజానికి అనిటా మూయ్ మొహం మీరు చిన్నప్పుడే చూసి ఉంటారు. మన ఊళ్లలో కేబుల్ టీవీలో జాకీ చాన్ సినిమాలు వచ్చేవి గుర్తుందా? న్యూయార్క్ గొడవల మీద 1995లో తీసిన ‘రంబుల్ ఇన్ ది బ్రాంక్స్’లో సూపర్‌మార్కెట్ కొనుక్కుని నానా తిప్పలు పడే ఆవిడే ఈవిడ. అంతకు ముందు ఏడాది వచ్చిన ‘డ్రంకెన్ మాస్టర్ 2’లో జాకీ చాన్‌కి సవతి తల్లిగా వేసి, పేకాట లాంటి మాజాంగ్ పిచ్చితో కడుపుబ్బా నవ్వించింది కూడా ఈవిడే. అసలు వయసు చూస్తే జాకీ చాన్ కంటే తొమ్మిదేళ్లు చిన్న!

అసలు పేరు మూయ్ యిమ్ ఫాంగ్. 1963 అక్టోబర్ 10న హాంకాంగ్‌లో పుట్టింది. నలుగురు పిల్లల్లో ఆఖరిది. ఊహ తెలిసీ తెలియక ముందే తండ్రి పోయాడు. తల్లి పాటల బృందం నడిపేది. నాలుగైదేళ్ల వయసు నుంచే ఈ పిల్ల, అక్క ఆన్‌తో కలిసి స్టేజీ ఎక్కింది. సరదాగా కాదు, ఇల్లు గడవడానికి. లాయ్ చి కోక్‌లో ఒక పాత అమ్యూజ్‌మెంట్ పార్కు ఉండేది, 1997లో మూసేశారు. ఏనుగు, జెయింట్ వీల్, పల్లీలు అమ్మేవాళ్ల మధ్య అక్కడ ఒక నాటకశాల. అందులో ఈ అక్కాచెల్లెళ్లు కాంటనీస్ ఒపేరా ముక్కలూ, అప్పటి హిట్ పాటలూ పాడేవారు. సాయంత్రం అక్కడ, రాత్రి నైట్‌క్లబ్బులో. పొద్దున బడిలో నిద్ర. ఆ బడి కూడా హైస్కూలు మొదట్లోనే ఆగిపోయింది.

ఇక్కడ ఒక సంగతి దగ్గర కాస్త ఆగాలి. ఆవిడ పాటకు తాళంచెవి ఇక్కడే ఉంది. పదిహేనేళ్ల వయసులో, రాత్రికి అన్నేసి చోట్ల పాడీ పాడీ స్వరతంతువుల మీద కాయలు కట్టాయి. గొంతు పోయింది. డాక్టర్లు పాడొద్దన్నారు. కొన్నాళ్లు ఊరుకుని తిరిగి వచ్చేసరికి పాత గొంతు రాలేదు. బాగా కిందికి దిగిపోయిన మంద్రమైన గొంతు వచ్చింది. మనకు ఉషా ఉతుప్ గొంతు విన్న మొదటిసారి ‘ఎవరిదీ’ అని తల తిప్పి చూస్తాం చూడండి, ఆ కోవ. ఆడగొంతు అంటే సన్నగా, తేనెలా ఉండాలని అక్కడ కూడా అలవాటే. ఈ పిల్లకు ఆ దారి మూసుకుపోయింది. తర్వాత ఆవిడ చేసిందంతా ఆ మిగిలిన గొంతుతోనే.

1982లో టీవీబీ టెలివిజన్ వాళ్లూ, క్యాపిటల్ ఆర్టిస్ట్స్ అనే రికార్డు కంపెనీ వాళ్లూ కలిసి కొత్త గాయకుల పోటీ మొదటిసారి పెట్టారు. మూడు వేల మందికి పైగా వచ్చారు. పద్దెనిమిదేళ్ల అనిటా అక్కడ పౌలా చ్యూయ్ పాడిన ‘ఫుంగ్ తిక్ క్వాయ్ చిత్’ అనే పాట ఎంచుకుంది. ఋతువుల గాలి మీద పాట. పౌలా చ్యూయ్ కూడా కింది స్థాయిలో పాడే గాయని, అంటే తన గొంతుకు అతికే పాటే పట్టుకుంది. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, మీరు ముందు అదే చూడండి. మిగతా పోటీదారులు మైకును చూసి బిగుసుకుపోతుంటే ఈవిడ స్టేజీ తన ఇల్లన్నట్టు నడుస్తుంది. నాలుగేళ్ల వయసు నుంచి పాడుతున్న మనిషిని కొత్త గాయని అని పిలవడం కాస్త అన్యాయమే, కానీ మొదటి బహుమతి న్యాయంగానే వచ్చింది. క్యాపిటల్ ఆర్టిస్ట్స్‌లో సంగీతం చూసే మైకేల్ లాయ్ ఆవిడను చేరదీసి రికార్డులు చేయించాడు.

మొదట్లో ఆవిడ చేత జపాన్ గాయని మోమోయే యమగుచి పాటలకు కాంటనీస్ మాటలు పెట్టి పాడించారు. ఆ రోజుల్లో హాంకాంగ్ పాటల వ్యాపారం సగం అలాగే నడిచేది. జపాన్ నుంచి ట్యూన్ కొనడం, మాటలు రాయించడం, నెలలో మార్కెట్లోకి వదలడం. దీన్ని కాపీ అని తీసిపారేసేవాళ్లున్నారు. నేను అలా అనను. ‘మాన్ చ్యూ సా వా’ అనే పాట యమగుచి పాడింది వినండి, తర్వాత 1985లో అనిటా పాడింది వినండి. ట్యూన్ ఒకటే, మనుషులు ఇద్దరు. మొదటి ఆవిడ బాధను దాచుకుంటుంది, రెండో ఆవిడ నిలదీస్తుంది.

మీ వినికిడికి అసలైన మొదటి మెట్టు 1985. ఒకే ఏడాదిలో వచ్చిన రెండు పాటలు వెంటవెంటనే వినండి. ఒకటి ‘చి సొయ్ లావ్ నిన్’. ఏళ్లు నీళ్లలా వెళ్లిపోతున్నాయనే పాట. బాణీ జపాన్ సంగీతకారుడు కితారోది, ఒక సినిమాకు చేసింది. వెనకాల సింథసైజర్ సముద్రంలా పరుచుకుని ఉంటుంది, ఆవిడ గొంతు దాని మీద తొందర లేకుండా సాగుతుంది. ఇరవై రెండేళ్ల పిల్ల యాభై ఏళ్ల మనిషిలా పాడుతోంది ఏమిటని అనిపిస్తుంది. వెంటనే రెండోది పెట్టండి, ‘వాయ్ నొయ్ హాయ్’. చెడ్డపిల్ల అని అర్థం. షీనా ఈస్టన్ ఇంగ్లిష్ పాటకు కాంటనీస్ వేషం. నల్ల గాగుల్స్, వెడల్పాటి భుజాల కోటు, పొగరు. ఆ ఆల్బం ఒక్కటే 4 లక్షలకు పైగా అమ్ముడైంది, అప్పటి హాంకాంగ్ జనాభా అరకోటికి కాస్త ఎక్కువ. పెద్దవాళ్లు తిట్టారు, పిల్లలు కొన్నారు. చైనా ప్రధాన భూభాగంలో ఆ పాట పాడకూడదన్నారు. 1995లో గ్వాంగ్జౌ కచేరీల చివరి రోజున ఆవిడ అదే పాడి అక్కడి అధికారులకు కోపం తెప్పించింది.

ఒకే గొంతులో ఆ రెండు పాటలూ ఎలా ఇమిడాయో పట్టుకుంటే ఆవిడ మీకు అర్థమైపోయినట్టే. పాటపాటకూ రూపం మార్చడం ఆవిడ ముద్ర. మగవేషం, ఎడారి రాణి, వేశ్య, పట్టణపు దొరసాని, అన్నీ వేసింది. ఆ వేషాల వెనక డిజైనర్ ఎడ్డీ లావ్ ఉన్నాడు. ఇద్దరూ చివరిదాకా విడవని స్నేహితులు. 1985 నుంచి 1989 దాకా వరసగా ఐదేళ్లు టీవీబీ వాళ్ల ఉత్తమ గాయని బహుమతి ఆవిడదే. హుంగ్ హామ్‌లో బోర్లించిన పిరమిడ్‌లా ఉండే కొలీజియం చూసే ఉంటారు, 12,500 సీట్లు. ఆవిడ మొదటి కచేరీలకు అందులో 15 రాత్రులు పట్టాయి, 1987–88లో 28 రాత్రులు. ఒకే మనిషి, ఒకే హాలు.

పాటలతో ఆగలేదు. స్టాన్లీ క్వాన్ తీసిన ‘రూజ్’ సినిమా చూడకుండా మాత్రం విందుకు వెళ్లకండి. ముప్ఫైల నాటి ఒక వేశ్య ప్రియుడితో కలిసి చావాలనుకుని ప్రాణం తీసుకుంటుంది. యాభై ఏళ్ల తర్వాత దెయ్యమై వచ్చి, తనను పరలోకంలో కలుసుకోని ఆ ప్రియుడిని వెతుక్కుంటూ మారిపోయిన హాంకాంగ్‌లో తిరుగుతుంది. భయపెట్టే దెయ్యం కాదు, పత్రికలో ప్రకటన వేయించుకోవడానికి వచ్చే దెయ్యం! 1987లో తైవాన్ గోల్డెన్ హార్స్ ఉత్తమ నటి, 1989లో హాంకాంగ్ ఫిల్మ్ అవార్డు. ప్రియుడిగా వేసింది లెస్లీ చుంగ్. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మీ పాటలో అతను మళ్లీ వస్తాడు.

ఇప్పుడు మీ మేడమ్ పాట. 1989లో జపాన్ గాయకుడు మసాహికో కొందో పాడిన ఒక ట్యూన్ మీద హాంకాంగ్‌లో ఇద్దరి చూపు పడింది. అనిటాకు ‘చిక్ యొంగ్ చి కో’ అయింది, ప్రిసిలా చాన్ అనే ఇంకో పెద్ద గాయనికి ‘ఛిన్ ఛిన్ ఖ్యూత్ కో’ అయింది. ఒకే ఏడాది, ఒకే ట్యూన్, రెండు హిట్లు. అభిమానులు రెండు పార్టీలుగా చీలిపోయారు. మన దగ్గర ఇద్దరు హీరోల సినిమాలు సంక్రాంతికి ఒకే రోజు వస్తే ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? ఆ ఏటి టీవీబీ అగ్ర బహుమతి అనిటా పాటకు వెళ్లింది. కొట్లాట ముదిరింది. ఆ మరుసటి ఏడాది, 1990లో, ఇక పోటీ బహుమతులు తీసుకోనని, కొత్తవాళ్లకు వదిలేస్తున్నానని ఆవిడ ప్రకటించేసింది. అప్పటికి ఆవిడకు ఇరవై ఏడు. కొత్తవాళ్లను తయారుచేయడం కూడా మాటవరసకు కాదు. ఆండీ హుయ్, గ్రాస్‌హాపర్ అనే ముగ్గురు కుర్రాళ్ల బృందం ఆవిడ కచేరీల్లో నిలబడి నేర్చుకుని పైకి వచ్చినవాళ్లే.

రెండు పాటల్లో ప్రిసిలా పాడిందే వినసొంపు అనేవాళ్లు చాలామంది, చైనాలో ఇప్పటికీ దానికే గిరాకీ. నా చెవికి కూడా ట్యూన్ వరకు అదే మెత్తగా ఉంటుంది. కానీ అనిటా పాడినదాంట్లో ఊపిరి వినిపిస్తుంది. ఆ తర్వాత పద్నాలుగేళ్లకు ఆ పాట అర్థమే మారిపోయింది.

2003 హాంకాంగ్‌కు చెడ్డ సంవత్సరం. సార్స్ వచ్చి 299 మంది పోయారు. ఏప్రిల్ 1న లెస్లీ చుంగ్ పోయాడు. మే నెలలో సార్స్ బాధిత కుటుంబాల కోసం కళాకారులందరినీ కూడగట్టి పెద్ద కచేరీ చేయించడంలో అనిటా ముందు నిలబడింది. అప్పటికే ఆవిడ ఒంట్లో క్యాన్సర్ ఉంది. అక్క ఆన్‌ను 2000లో తీసుకుపోయిన గర్భాశయ ముఖద్వార క్యాన్సరే. సెప్టెంబర్‌లో ఆ సంగతి బయటపెట్టింది. నవంబర్‌లో అదే కొలీజియంలో 8 కచేరీలు చేసింది. చివరిది 15వ తారీఖున. చివర్లో ఎడ్డీ లావ్ కుట్టించిన తెల్లటి పెళ్లి గౌను వేసుకుని వచ్చింది. తనకు పెళ్లి కాలేదు, పెళ్లి గౌను వేసుకునే రోజు దాటిపోయింది, కాబట్టి ఈ స్టేజీనే పెళ్లాడుతున్నానన్న అర్థం వచ్చేలా జనంతో చెప్పింది. అప్పుడు పాడిన పాట ‘చిక్ యొంగ్ చి కో’. పాట అయ్యాక పొడుగాటి మేలిముసుగు ఈడ్చుకుంటూ మెట్లెక్కి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపి, బై బై అని తలుపు లోపలికి వెళ్లిపోయింది. డిసెంబర్ 30న చనిపోయింది. నలభై ఏళ్లు.

మీ మేడమ్ వయసు లెక్క వేసి చూడండి. ఆ పోటీ నాటికి పన్నెండేళ్ల పిల్ల. చెడ్డపిల్ల పాట వచ్చినప్పుడు పదిహేను, అంటే ఇంట్లో తిట్లు తింటూ ఆ క్యాసెట్ కొన్న వయసు. ఆ పెళ్లి గౌను చూసేసరికి ముప్ఫై మూడు. మీ గదిలో ఏడ్చినవాళ్లు ఒక గాయని కోసం ఏడ్చారనుకోకండి. అది పూర్తిగా నిజం కాదు. ఆవిడతో పాటు గడిచిన వాళ్ల వయసూ, వాళ్ల ఊరి ఆ రోజులూ అందులో ఉన్నాయి. అందుకే అడిగితే పేరు ఒక్కటే చెప్పి ఊరుకున్నారు.

ఇంటర్నెట్‌లో వెతికితే మీకు ముందు దొరికేది వీలునామా గొడవ. తల్లికి నెలనెలా డబ్బు అందేలా ట్రస్టు పెట్టింది, తల్లి కోర్టుకెక్కింది, 2011లో పై కోర్టులో కూడా ఓడిపోయింది. అది వదిలేయండి. ఆఫీసులో ఎత్తకండి. ఇంకోటి కూడా ఎత్తకండి. 1989 మే 27న హ్యాపీ వ్యాలీ రేస్‌కోర్సులో, ప్రజాస్వామ్యం కావాలని ఉద్యమించిన బీజింగ్ విద్యార్థుల కోసం కళాకారులు పెట్టిన కచేరీలో ఆవిడ పాల్గొంది, ఆ తర్వాత కూడా ఆ వైపే నిలిచింది. తెలుసుకుని ఉండండి, మీ అంతట మీరు మాట కదపకండి. బల్ల చుట్టూ ఎవరు ఏ వైపో మీకు తెలియదు, చెప్పమని ఇబ్బంది పెట్టడమూ మర్యాద కాదు.

సరే, పాట. నా సలహా ‘యూన్ ఫన్’. 1984లో హాంకాంగ్ మెట్రో రైలు చుట్టూ తిరిగే ఒక ప్రేమకథా సినిమాలోది. లెస్లీ చుంగ్, అనిటా కలిసి పాడిన యుగళగీతం. విధి కలిపిన బంధం మీద పాట కాబట్టి విందుకు దోషం లేదు. మీ మేడమ్ తరానికి కంఠతా వచ్చి ఉంటుంది. అన్నిటికీ మించి మీరు నేర్చుకోవాల్సింది సగం పాటే. లెస్లీ భాగం మీది, అనిటా భాగానికి ఆఫీసులో ఎవరో ఒకరిని అడగండి. రెండేళ్లుగా మాట కలవలేదన్నారే, రోజూ లంచ్ తర్వాత ఒకరితో కూర్చుని పాట సాధన చేస్తే మాట కలవక ఏం చేస్తుంది? మేడమ్‌నే అడగొచ్చు కూడా, కానీ అది నేరుగా కాదు. ఆవిడతో చనువున్న ఇంకో సీనియర్ ద్వారా అడిగించండి. కాదనాలంటే ఆవిడకు వీలుండాలి.

భాష గురించి బెంగపడుతున్నారు. నిజానికి కాంటనీస్ మాట్లాడటం కంటే పాడటం సులువు. ఆరు స్థాయిల భాష అది. ఒకే అక్షరాన్ని పైకి అంటే ఒక అర్థం, కిందికి అంటే ఇంకో అర్థం. మీరు మాట్లాడినప్పుడు ఎదుటివాళ్లు తెల్లమొహం వేసేది అందుకే. పాటలో ఆ భారం కవి మోస్తాడు. అక్కడ దాదాపు అన్నీ ముందు ట్యూన్, తర్వాత మాట. ట్యూన్‌కి రాయడం మన సినిమా కవులకు కొత్త కాదు, కానీ వీళ్లు గురువు లఘువు చూసుకుంటే సరిపోతుంది. అక్కడి కవి స్వరం పైకి వెళ్లేచోట పై స్థాయి మాట, కిందికి దిగేచోట కింది స్థాయి మాట వెతికి పొదగాలి, లేకపోతే అర్థం పాడైపోతుంది. కాబట్టి మీరు స్వరం సరిగ్గా పలికితే మాట స్థాయి చాలావరకు దానంతట అదే కుదురుతుంది. శ్రుతి తప్పనన్నారు, అదే మీ కాంటనీస్.

మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోకండి. ఆ పద్ధతిలో ‘బి’ అని రాసింది నిజానికి మన ‘ప’కు దగ్గర, ‘పి’ అని రాసింది ఒత్తు ‘ఫ’కు దగ్గర. ‘డి’ మన ‘త’, ‘జి’ మన ‘క’. వత్తులున్న లిపి చేతిలో పెట్టుకుని లేని లిపిలో తంటాలు పడటం దేనికి? వింటూ తెలుగులోనే రాసుకోండి. అఆలు దిద్దాక ఒక్కసారైనా వాడని మన ‘ఙ’ కూడా అక్కడ పనికొస్తుంది. ‘నేను’ అనడానికి వాళ్లు అనేది ‘ఙో’. పాటల్లో అడుగడుగునా వస్తుంది.

మన నోటికి ఒక జబ్బు ఉంది, దాని మీద మాత్రం కన్నేసి ఉంచండి. హల్లుతో ఆగిన మాటకు మనం తెలియకుండానే చివర ఉకారం తగిలిస్తాం. బస్ బస్సు అవుతుంది. కాంటనీస్‌లో క్, త్, ప్‌లతో ముగిసే మాటలు బోలెడు, అక్కడ గాలి బయటికి రాకుండా టక్కున తెగాలి. ‘చిక్’ను ‘చిక్కు’ అన్నారంటే ఒక అక్షరం ఎక్కువై తాళంలో కూడా చిక్కే. అలాగే ‘ఫన్’ దగ్గర న్ మీద గొంతు మూసుకుని నిలవాలి, ‘ఫన్ను’ కాకూడదు. మొదటి వారం పాడకుండా, పాట వేసుకుని ఈ మాటల చివర్లు మాత్రమే లెస్లీతో పాటు పలుకుతూ పోండి. రెండో వారం స్వరం. అర్థం ఎవరిచేతనైనా పంక్తి పంక్తికీ చెప్పించుకోండి. కానీ ఆ మాటలు ఆఫీసులో వాడేద్దామనుకోకండి. పాటలు రాసేది గ్రంథపు చైనీస్‌లో, పలికేది కాంటనీస్‌లో. అలా ఎవరూ టీ తెమ్మని అడగరు.

సాధన మధ్యలో ఒక ఆదివారం మీ ఆవిడతో హుంగ్ హామ్ వెళ్లిరండి. క్వున్ టాంగ్ నుంచి హో మన్ తిన్ దాకా వచ్చి లైను మారితే ఒకటే స్టేషను. కొలీజియం బయటి నుంచి చూసి, అదే లైనులో ఇంకొక స్టేషను ముందుకెళ్తే చిమ్ షా చుయ్ ఒడ్డున అవెన్యూ ఆఫ్ స్టార్స్‌లో ఆవిడ కంచు విగ్రహం ఉంది, 2014లో పెట్టారు. రాత్రికి ఇంట్లో 2021 నాటి ‘అనిటా’ సినిమా చూడొచ్చు. లూయీస్ వాంగ్ అనే కొత్త అమ్మాయి బాగా చేసింది, కథ మాత్రం కొన్ని సంగతుల్ని చూడనట్టు దాటేసింది. 1991లో లో తా-యూ బాణీ కట్టిన ‘చి సి కూ యాన్ లోయ్’ తర్వాత ఎప్పుడో తీరిగ్గా వినండి, నాకు ఆవిడ పాటల్లో అన్నిటికంటే ఇష్టమైనది అదే. ‘నూరెన్ హువా’ అనే 1997 నాటి పాట చాలామంది సిఫారసు చేస్తారు. మంచి పాటే, కానీ అది కాంటనీస్ కాదు, చైనా అధికార భాష మాండరిన్. మీ ఆఫీసులో కాంటనీస్ పాట పాడబోయి అది పాడితే పాపం వాళ్లు మర్యాదకు చప్పట్లు కొడతారు.

నవ్వుతారా అంటే, నవ్వుతారు. మొదటి పంక్తికే నవ్వుతారు. అది వెక్కిరింత అనుకుని బిగుసుకుపోకండి. బయటివాడి నోట తమ భాష వింటే హాంకాంగ్ వాళ్లకు ముందొచ్చేది నవ్వే. రెండో పంక్తికి కలిసి పాడటం మొదలుపెడతారు, అప్పుడు మీ తప్పులు ఎవరికీ వినపడవు. కరోకే మిషన్‌లో కీ తగ్గించే బటన్ ఉంటుంది, విందు రోజు ఎక్కడుందో వెతుక్కోకుండా ముందే మీ స్థాయి ఎంతో చూసి పెట్టుకోండి. కానీ మీ జోడీ పాడే స్థాయి కూడా అడగండి, ఇద్దరికీ ఒకటే కీ కదా. చేతిలో కాగితం ఉన్నా ఫర్వాలేదు.

ఇంకొకటి పాడమంటారు, తప్పకుండా అంటారు. రెండో కాంటనీస్ పాట జోలికి వెళ్లకండి. ఒక తెలుగు పాట అందుకోండి. దానికి రిహార్సల్ అక్కర్లేదు కదా.